తిత్తి నుంచి కీబోర్డు దాకా: పల్నాటి శ్రవణానుభవంలో అనలాగ్, డిజిటల్ నాదాలు

వ్యాససంగ్రహం

సింథసైజరు నాదాన్ని గురించిన చర్చ చాలాకాలంగా అనలాగ్, డిజిటల్ అనే రెండు పక్షాల వాదంగా సాగుతున్నది. అనలాగ్ నాదం నిండైనదనీ, డిజిటల్ నాదం పొడిబారినదనీ ఒక అభిప్రాయం స్థిరపడింది. వాద్యాన్ని దగ్గరగా విన్నవారు, చేతితో వాయించినవారు ఏర్పరచిన అభిప్రాయమిది. పాటను లౌడ్ స్పీకరు ద్వారా, క్యాసెట్టు ద్వారా విన్న పల్నాటి గ్రామీణ శ్రోతకు ఇది ఎంతవరకు వర్తిస్తుందన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. తిత్తి, హార్మోనియం, ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె, కీబోర్డు అనే క్రమంలో ఈ ప్రాంతపు వేదికపై శ్రుతివాద్యం మారిన తీరును, మద్రాసు స్టూడియోలలో తెలుగు పాట నాదం మారిన తీరును పక్కపక్కన పెట్టి పరిశీలించటం ఇందులోని పద్ధతి.

కీలకపదాలు: సింథసైజరు, అనలాగ్, డిజిటల్, హార్మోనియం, పద్యనాటకం, పల్నాడు, నాదగుణం, గమకం.

ఉపోద్ఘాతం

నరసరావుపేట నుంచి పిడుగురాళ్ళ వైపు సాగే రహదారి మీద నకరికల్లు ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఇదొక మండలకేంద్రం. నాగార్జునసాగర్ కుడికాలువ ఆయకట్టు ప్రాంతం. సంగీత చరిత్రకారులు సింథసైజరును వెతుక్కుంటూ వచ్చే చోటు కాదు. అయినా ఇక్కడి శ్రోత చెవికి గడచిన 50 సంవత్సరాలలో చేరిన ధ్వనుల వరుసను గమనిస్తే, లండన్, న్యూయార్క్ నగరాల స్టూడియోలను ఆధారం చేసుకొని రాసిన సింథసైజరు చరిత్రలో కనిపించని ఒక అంశం బయటపడుతుంది.

ఈ ప్రాంతంలో కార్తికమాసంలో కారంపూడి వీరుల ఉత్సవాలు, మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళు జరుగుతాయి. మొదటిదానిలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే అయిదు రోజుల క్రమం ఉంది. అక్కడ వినిపించేది వీరవిద్యావంతుల కంఠం. రెండవదానిలో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎత్తైన విద్యుత్ ప్రభలు కొండ కిందికి చేరుతాయి. వాటి ముందు వేదికలపై సినిమా పాటల కచేరీలు సాగుతాయి. అక్కడ వినిపించేది కీబోర్డు, రిథమ్ ప్యాడ్, పెద్ద పెద్ద స్పీకర్లు. ఒకే ప్రాంతపు శ్రోత కొద్ది నెలల వ్యవధిలో ఈ రెండింటినీ వింటాడు. ఈ రెండు ధ్వనుల మధ్య నడిచిన చరిత్రే ప్రస్తుత విషయం.

పరిభాషను గురించి ఒక మాట. అనలాగ్‌కు ‘సాదృశ్య’, డిజిటల్‌కు ‘అంకీయ’ అనే అనువాదాలు ఉన్నాయి. అవి నిఘంటువును దాటి వాడుకలోకి రాలేదు. వాయించేవారు, వినేవారు వాడే మాటలే ఇక్కడ స్వీకరించటం జరిగింది.

నాదగుణాన్ని చెప్పే మాటలు

అనలాగ్ నాదాన్ని మెచ్చుకునే పాశ్చాత్యులు దానిని ‘వెచ్చనిది’ అంటారు. చలిదేశంలో వెచ్చదనం మెప్పు. రెంటచింతల ఎండలను ఎరిగిన పల్నాటివారికి ఆ మాట మెప్పుగా తోచదు. తెలుగులో నాదాన్ని మెచ్చుకోవటానికి ‘నిండుగా ఉంది’, ‘జీవముంది’ అంటారు. తెగడటానికి ‘గుల్లగా ఉంది’, ‘రేకు చప్పుడు’ అంటారు. ఇవి అలవోకగా పుట్టిన మాటలు కావు. వీటి వెనుక ఒక లక్షణ సంప్రదాయముంది.

13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో స్వరలక్షణం చెబుతూ స్నిగ్ధతను, అనురణనాన్ని ముఖ్యగుణాలుగా గ్రహించాడు. స్నిగ్ధత అంటే నూనెపూత వంటి నునుపు, తడి. అనురణనం అంటే మొదటి తాకిడి తరువాత కొనసాగే మోత. కంఠధ్వనిని నాలుగు విధాలుగా విభజిస్తూ, వాటిలో బొంబకమనే దానిని ఆముదపు కాండంతో పోల్చాడు. చూపుకు లావుగా ఉన్నా లోపల సారం లేనిదని ఆ పోలికలోని భావం. ‘గుల్ల’ అనే తెలుగు మాట సరిగ్గా ఇదే చెబుతుంది. అనలాగ్, డిజిటల్ నాదాలను పోల్చటానికి ‘వెచ్చదనం’ కంటే స్నిగ్ధత, అనురణనం, నిస్సారత అనే మూడు కొలమానాలు మేలైనవి. వెచ్చదనం వినేవాడి ఇష్టాన్ని చెబుతుంది. ఈ మూడూ ధ్వనిలో ఎక్కడ ఏమి జరుగుతున్నదో కొంతవరకు చూపుతాయి.

ధ్వనిని పుట్టించే రెండు మార్గాలు

అమెరికాకు చెందిన రాబర్ట్ మూగ్ 1964లో తన వాద్యభాగాలను ఆడియో ఇంజనీర్ల సదస్సులో ప్రదర్శించాడు. 1970లో వచ్చిన మినీమూగ్ ఆ పద్ధతిని ఒకే పెట్టెలోకి కుదించింది. దాని పని చెప్పటం సులువు. విద్యుత్ వలయం ఒక కంపనాన్ని పుట్టిస్తుంది. 1 వోల్టు పెంచితే నాదం ఒక స్థాయి పైకి పోతుంది. రంపపు పళ్ళ ఆకారంలో పుట్టిన ఆ తరంగంలో మూలస్వరంతో పాటు దాని 2, 3, 4 రెట్ల ఉపస్వరాలన్నీ ఉంటాయి. వడపోత వలయం వాటిలో పైవాటిని కోస్తుంది. మిగిలినది నాదం. అంటే ఎక్కువ పుట్టించి, అక్కరలేనిదాన్ని తీసివేయటం. శిల్పి రాయి చెక్కే పద్ధతి.

మినీమూగ్‌లో ఇటువంటి కంపకాలు మూడు. ఈ మూడూ ఎప్పుడూ సరిగ్గా ఒకే శ్రుతిలో ఉండవు. ఒకటి 440 హెర్ట్జ్ దగ్గర, మరొకటి 441 దగ్గర ఉంటే సెకనుకు ఒకసారి నాదం ఉబ్బి తగ్గుతుంది. గదిలో వేడి పెరిగితే అంతరం మారుతుంది, ఉబ్బు వేగమూ మారుతుంది. అనలాగ్ నాదంలో జీవమని శ్రోత గుర్తించే దానిలో చాలా భాగం ఈ నిలకడలేనితనమే. రెండు తంబురాలు మీటినప్పుడు, ఇద్దరు ఒకే స్వరం పాడినప్పుడు కలిగేది కూడా ఇదే. వాద్య నిర్మాతలు దీనిని లోపంగానే భావించి, సరిదిద్దటానికి చాలా శ్రమించారన్నది గుర్తుంచుకోవాలి.

డిజిటల్ మార్గం మరొక దిక్కు నుంచి వచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ 1967లో కంప్యూటరుపై కంపిత స్వరాన్ని పరిశీలిస్తూ, ఆ కంపన వేగాన్ని పెంచుతూ పోయాడు. సెకనుకు అయిదారు ఊపులున్నంతవరకు చెవి దానిని స్వరం ఊగటంగా వింటుంది. ఆ వేగం శ్రవ్యపరిధిలోకి చేరిన తరువాత ఊపు వినిపించదు. దాని స్థానంలో కొత్త నాదగుణమే పుడుతుంది. సంగీతరత్నాకరం చెప్పిన 15 గమకాలలో కంపితం ఒకటి. కంపితాన్ని మానవ కంఠానికి అందని వేగానికి తీసుకుపోతే అది గమకంగా మిగలదు, వాద్యపు రంగుగా మారిపోతుంది. చౌనింగ్ కనుగొన్నది ఇదేనని సంగీతం తెలిసిన తెలుగు పాఠకుడికి చెప్పవచ్చు.

ఆయన ఈ పద్ధతిని వివరించిన వ్యాసం 1973లో వెలువడింది. యమహా సంస్థ హక్కులు తీసుకొని 1983లో డీఎక్స్7 వాద్యాన్ని తెచ్చింది. అది లక్షకు పైగా అమ్ముడైంది. 200 హెర్ట్జ్ స్వరాన్ని 280 హెర్ట్జ్ వేగంతో ఊపితే 480, 760, 80, 360 వంటి చోట్ల కొత్త ఉపస్వరాలు పుడతాయి. ఇవి మూలస్వరానికి సరి రెట్లు కావు. అందుకే గంట మోత, కంచు మోత వినిపిస్తాయి. రాతిని చెక్కే మార్గంలో ఈ మోత తేలికగా రాదు.

ఈ మార్గానికి తనదైన దోషాలున్నాయి. ధ్వనిని అంకెలుగా మార్చినప్పుడు సెకనుకు ఎన్ని నమూనాలు తీస్తామో అందులో సగానికి పైనున్న కంపనం సరిగా నిలవదు. సెకనుకు 44,100 నమూనాలు తీస్తే, 25,000 హెర్ట్జ్ ఉపస్వరం 19,100 దగ్గర దొంగస్వరంగా దిగుతుంది. వాద్యంలో ఇటువంటివి చాలా చేరితే గరుకుదనం వినిపిస్తుంది. తొలి డిజిటల్ వాద్యాలలో స్నిగ్ధత లోపించిందన్న మాటకు ఈ దోషం ఒక కారణం. స్వరాలన్నీ ఒకే గడియారానికి కట్టుబడి కదలకుండా ఉండటం మరొక కారణం.

అయితే ఇక్కడే వాదం తలకిందులవుతుంది. మినీమూగ్ మెట్టును మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకే ధ్వని వస్తుంది. దాని కంపకం నిలకడలేనిది కావచ్చు. వాయించే వేలికి మాత్రం అది స్పందించదు. డీఎక్స్7 మెట్టును గట్టిగా కొడితే శబ్దం పెరగటమే కాక ఉపస్వరాల సంఖ్య కూడా పెరిగి నాదం రంగు మారుతుంది. మృదంగం మీద దెబ్బ మారితే నాదం మారినట్టు. వాద్యకారుడి చేతికి లోబడటాన్ని జీవమని భావిస్తే, ఈ రెండింటిలో జీవమున్నది డిజిటల్ వాద్యమే. అనలాగ్‌కు జీవం, డిజిటల్‌కు జడత్వం అని విడదీయటం ఇంత సులువు కాదు.

సరిహద్దు కూడా మసకబారినదే. 1978 నాటి ప్రాఫెట్-5 నాదం అనలాగ్, దాని జ్ఞాపకశక్తి మైక్రోప్రాసెసర్‌ది. 1982 నాటి రోలాండ్ జూనో-60లో కంపనం అనలాగే అయినా దాని వేగాన్ని నిర్దేశించేది డిజిటల్ గడియారం. 1987 నాటి రోలాండ్ డీ-50 నిజవాద్యాల తొలి తాకిడిని నమూనాగా దాచుకొని, కొనసాగింపును మాత్రం కల్పించి అతికించేది. చెవి మొదటి క్షణాన్ని బట్టే వాద్యాన్ని గుర్తుపడుతుందన్న తెలివిడి దాని వెనుక ఉంది.

మన దేశపు తొలి ప్రయత్నాలు

విద్యుత్ వాద్యం భారతీయ శ్రోతకు మొదట పాము పాటగా పరిచయమైంది. 1954లో వచ్చిన హిందీ చిత్రం ‘నాగిన్’లో పాములవాడి బూర ధ్వనిని కల్యాణ్‌జీ క్లావియోలిన్ మీద పలికించాడు. అది వాల్వులతో పనిచేసే చిన్న వాద్యం. ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది. ఆనాటి కోట్లాది శ్రోతలు అది నిజమైన నాగస్వరమే అనుకొని విన్నారు. కృత్రిమ నాదం గుల్లగా ఉంటుందన్న వాదానికి మన దేశంలో దొరికే తొలి ప్రత్యుదాహరణ ఇదే.

1969లో అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్ వాద్యాన్ని నెలకొల్పాడు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్ వంటివారు దానిపై పనిచేశారు. ఆ టేపులు దశాబ్దాల పాటు మరుగున పడి, ఇటీవలే వెలుగు చూశాయి. 1982లో బొంబాయి వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ పది రాగాలను డిస్కో తాళంలో రోలాండ్ జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 వాద్యాలపై వాయించాడు. ఆనాడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో పునర్ముద్రణ పొందిన తరువాత ప్రపంచం ఆశ్చర్యపోయింది. ఈ రెండు ఉదంతాలనూ భారతీయ సింథసైజరు చరిత్రకు మూలస్తంభాలుగా చెబుతున్నారు. నకరికల్లు శ్రోత దృష్టితో చూస్తే రెండూ అప్రస్తుతమే. అతనికి సింథసైజరును చేర్చినది మద్రాసు.

మద్రాసు స్టూడియోలు

1970, 80 దశకాల తెలుగు పాట ప్రధానంగా మద్రాసులోనే తయారైంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన కె.చక్రవర్తి ఆ కాలంలో ఎక్కువ చిత్రాలకు సంగీతం కూర్చినవారిలో ఒకరు. ఆనాటి పద్ధతిలో గాయకులు, వాద్యకారులు ఒకేసారి కూర్చొని పాడి వాయించగా టేపుకు ఎక్కేది. తీగవాద్యాల బృందం, గిటారు, తబలా, డ్రమ్ముల నడుమ ఎలక్ట్రానిక్ వాద్యం ఒక అలంకారం. పాట మొత్తాన్ని మోసే వాద్యం కాదు.

1980ల నడుమ ఆ స్థానం మారింది. 1983లో వచ్చిన మిడి ఒప్పందం వేర్వేరు సంస్థల వాద్యాలను ఒకే తీగతో కలిపింది. 1986లో ఇళయరాజా తమిళ ‘పున్నగై మన్నన్’ కోసం కంప్యూటరు సీక్వెన్సరును ఉపయోగించాడు. ఆ చిత్రం తెలుగులో ‘డాన్స్ మాస్టర్’గా వచ్చింది. టి.వి.రాజు కుమారుడు రాజ్, సాలూరి రాజేశ్వరరావు కుమారుడు కోటి కలిసి ‘యముడికి మొగుడు’, ‘ఖైదీ నంబర్ 786’ చిత్రాలకు 1988లో సంగీతం కూర్చారు. వారి వద్ద, రమేశ్ నాయుడు వద్ద, ఇళయరాజా వద్ద కీబోర్డు వాయించిన దిలీప్ 1992లో ‘రోజా’తో ఎ.ఆర్.రహమాన్‌గా ప్రసిద్ధుడయ్యాడు. రెండు తరాల సంగీతదర్శకుల కొడుకులు కీబోర్డు ముందు చేరారు. తండ్రులు స్వరం రాసి వాద్యబృందానికి ఇచ్చారు. కొడుకుల కాలానికి ఆ బృందంలో చాలా భాగం మెట్ల వెనుకకు చేరిపోయింది. స్టూడియోకు పిలుపు తగ్గిన వయొలిన్ వాద్యకారుల వైపు నుంచి ఈ చరిత్రను రాయవలసిన అవసరం ఉంది.

1991 నాటి ‘ఆదిత్య 369’ కథ 1526 నాటి విజయనగర కొలువుకూ, 2504 నాటి భవిష్యత్తుకూ వెళ్ళి వస్తుంది. నాదం ద్వారా కాలాన్ని సూచించవలసిన బాధ్యతను అటువంటి కథ సంగీతదర్శకుడిపై పెట్టింది. ఆ తరువాత కొద్ది కాలానికే ఎలక్ట్రానిక్ ధ్వని భవిష్యత్తుకు సంకేతంగా మిగలలేదు. పెళ్ళి పాటకూ, జానపద గీతానికీ అదే ధ్వని వాడుకైంది.

ఇక్కడ పరిశోధకుడికి ఒక చిక్కు ఎదురవుతుంది. గ్రామఫోను రికార్డుల మీద, క్యాసెట్టు అట్టల మీద సంగీతదర్శకుడు, గాయకులు, రచయిత పేర్లు ఉంటాయి. ఏ వాద్యం వాడారో, ఎవరు వాయించారో సాధారణంగా ఉండదు. కనుక ‘ఈ పాటలో ఉన్నది అనలాగ్’ అన్న వాదాలు చాలావరకు చెవి మీద ఆధారపడినవి. ఆ చెవి మోసపోవటానికి గట్టి కారణముంది. 1983 తరువాతి పాటలలో డిజిటల్ వాద్యం వాయించినా ఆ ధ్వని అనలాగ్ టేపు మీదికే ఎక్కింది. టేపు బిగ్గరైన ధ్వనుల కొసలను గుండ్రంగా చేస్తుంది, పై ఉపస్వరాలను కొంత మింగుతుంది, వేగంలో సన్నని తేడాలతో స్వరాన్ని కదిలిస్తుంది. అంటే డిజిటల్ వాద్యంలో లేని నిలకడలేనితనాన్ని టేపే సమకూర్చింది. ఆనాటి పాటలలోని ‘పాత అనలాగ్ నిండుతనం’ అని నేటి యువశ్రోత ముచ్చటపడే దానిలో కొంత భాగం డిజిటల్ కీబోర్డుదే అయి ఉండవచ్చు. దానికి స్నిగ్ధతను పూసినది టేపు.

హారన్ చేసిన వడపోత

పల్లెకు పాట చేరిన దారిని పట్టించుకోకుండా ఈ చర్చ పూర్తికాదు. పెళ్ళిళ్ళలో, శ్రీరామనవమి పందిళ్ళలో, ఎన్నికల ప్రచారాలలో, టూరింగ్ టాకీసు పైకప్పు మీద పాటను వినిపించినది హారన్ లౌడ్ స్పీకరు. ఇది మాటను దూరానికి చేర్చటానికి పుట్టిన సాధనం. సుమారు 300 హెర్ట్జ్‌కు దిగువనున్న ధ్వని దానిలో బాగా బలహీనపడుతుంది. పైకొసలు కూడా పెద్దగా మిగలవు. నడిమి భాగం మాత్రం కిలోమీటర్ల దూరం పోతుంది.

మూగ్ వాద్యపు ప్రఖ్యాతి దాని మంద్రస్వరాల మీద నిలిచింది. 55 హెర్ట్జ్ మంద్రస్వరాన్ని తీసుకుంటే 110, 165, 220, 275 దగ్గరి ఉపస్వరాలు హారన్‌లో దాదాపు పోతాయి. 330 దగ్గరి ఆరవ ఉపస్వరం నుంచి మాత్రమే ఏదో వినిపిస్తుంది. నిండు మంద్రం కోసం వడపోత వలయాన్ని బిగించి పై ఉపస్వరాలను ముందే కోసివేస్తే, హారన్‌కు మిగిలేది ఏమీ లేదు. స్టూడియోలో గోడలు కదిలించిన నాదం నకరికల్లు అడ్డరోడ్డు దగ్గర వినేసరికి గుటుక్కుమనే శబ్దంగా మారుతుంది. డీఎక్స్7 గంటలు, కంచుబూరలు, గట్టి తాకిడి గల విద్యుత్ పియానో ధ్వనుల బలమంతా హారన్ మోయగలిగిన నడిమి భాగంలోనే ఉంది. అవి హారన్‌లో నష్టపోవు.

దీని నుంచి ఒక ప్రతిపాదన చేయవచ్చు. దగ్గరగా విన్న నగర శ్రోతకు డిజిటల్ నాదం పలచబడినట్టు తోచిన కాలంలోనే, హారన్ ద్వారా విన్న గ్రామీణ శ్రోతకు పాట మునుపటి కంటే స్పష్టమై, పైకి తేలి ఉండాలి. ఒకే సాంకేతిక మార్పును రెండు శ్రోతృవర్గాలు రెండు దిశలుగా అనుభవించాయన్నమాట. భౌతికశాస్త్రం చెప్పే పరిమితుల నుంచి తీసిన ఊహ ఇది. దీనిని పరీక్షించటం కష్టం కాదు. ఆనాటి హారన్ యూనిట్లు ఇంకా పల్లెల మైకుసెట్టు దుకాణాలలో దొరుకుతాయి. 1979 నాటి పాటను, 1988 నాటి పాటను వాటి ద్వారా వినిపించి కొలవవచ్చు. తెలుగు శాఖలు, భౌతికశాస్త్ర శాఖలు కలిసి చేయదగిన పని.

శ్రుతి మారిన క్రమం

ఇంతవరకు చెప్పినది విన్న నాదం. ఇక చేతికి అందిన వాద్యం సంగతి.

తెలుగు జానపద ప్రదర్శనలలో తిత్తి పాత శ్రుతివాద్యం. మేకతోలు సంచిలో గాలి నింపి ఊదే నిలకడ స్వరం. ఊదేవాడి ఊపిరితో, తోలు తడితో అది కదులుతూ ఉంటుంది. మూగ్ కంపకం గురించి చెప్పిన లక్షణాలన్నీ తిత్తికీ వర్తిస్తాయి. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ అలిశెట్టి గాలేయ పాడిన పల్నాటి వీరులకథను టేపుపై రికార్డు చేసి, అనువాదంతో కూడిన గ్రంథాన్ని 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ప్రకటించాడు. పాఠాన్ని గురించి ఆ గ్రంథం ఎంతో చెప్పింది. ఇటువంటి సేకరణలను పాఠం కోసమే కాక శ్రుతి కదలికల కోసం కూడా మళ్ళీ వినవలసి ఉంది.

పద్యనాటకంతో హార్మోనియం వచ్చింది. కలకత్తాలో 19వ శతాబ్దం చివర ద్వారకానాథ్ ఘోష్ దానిని నేలపై కూర్చొని వాయించే రూపానికి తెచ్చాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకం, దాని కాటిసీనులోకి చేరిన వినుకొండ కవి జాషువ పద్యాలు ఈ ప్రాంతపు రాత్రులను దశాబ్దాల పాటు ఏలాయి. ఆ రాత్రులకు హార్మోనియమే ఆధారం. నటుడు పద్యం ఎత్తుకునే ముందు శ్రుతి అందించటం, రాగం తీస్తుంటే వెన్నంటి పోవటం, అతడు ఊపిరి తీసే చోట ఖాళీ నింపటం, ఒన్స్ మోర్ పడితే మళ్ళీ మొదటికి తేవటం హార్మోనిస్టు విద్య. అదే కాలంలో 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. గమకం పలకదనీ, దాని స్వరస్థానాలు మన సంగీతానికి సరిపోవనీ అభ్యంతరం. 1948లో విజయవాడ కేంద్రం మొదలయ్యేనాటికే ఈ నిషేధం అమలులో ఉంది. పల్లె వేదికపై రాజ్యమేలిన వాద్యానికి రేడియో గుమ్మంలో ప్రవేశం లేదు.

ఆ అభ్యంతరంలో నిజముంది. 240 హెర్ట్జ్ షడ్జానికి సహజమైన అంతరగాంధారం 300 దగ్గర ఉంటుంది. సమవిభాగ పద్ధతిలో బిగించిన మెట్టు 302.4 దగ్గర పలుకుతుంది. మంచి హార్మోనిస్టు ఆ మెట్టు మీద ఎక్కువసేపు నిలవడు. తాకి తప్పుకుంటాడు. బెల్లో ఒత్తిడి తగ్గించి గాయకుడి స్వరాన్ని పైకి రానిస్తాడు. దోషాన్ని చేతితో దాచటం ఆ విద్యలో భాగం.

ఎలక్ట్రానిక్ కీబోర్డు ఈ దోషాన్ని యథాతథంగా తీసుకుంది. దాచే సాధనాన్ని తీసుకోలేదు. కాసియో 1980 నుంచి చవక కీబోర్డులు తెచ్చింది. చౌనింగ్ పద్ధతినే తేలికపరచి యమహా చిన్న కీబోర్డులలో అమర్చింది. దిగుమతులు సులువైన 1991 తరువాత ఇవి జిల్లా పట్టణాలకు విరివిగా చేరాయి. ధరను, దిగుమతి కట్టుబాట్లను, పనిచేయించటానికి కావలసిన నైపుణ్యాన్ని బట్టి చూస్తే మూగ్, ప్రాఫెట్, జూపిటర్ వంటి వాద్యాలు పల్నాటి వేదిక ఎక్కాయని భావించటానికి ఆస్కారం కనిపించదు. ఇక్కడివారికి అనలాగ్ సింథసైజరు చెవికి మాత్రమే అందింది. చేతికి అందినది మొదటినుంచీ డిజిటలే. కనుక పాశ్చాత్య చరిత్ర చెప్పే ‘అనలాగ్ పోయి డిజిటల్ వచ్చింది’ అన్న క్రమం ఇక్కడ జరగలేదు. ఇక్కడ పోయినది హార్మోనియం.

ఆ మార్పులో ఒక చిన్న మీట పాత్ర పెద్దది. నటుడి కంఠాన్ని బట్టి ఒకరికి ఒకటిన్నర శ్రుతి, మరొకరికి నాలుగు, ఇంకొకరికి అయిదున్నర. హార్మోనిస్టు ఏ మెట్టును షడ్జంగా తీసుకున్నా ప్రతి రాగాన్నీ వాయించగలగాలి. తెల్లమెట్లు, నల్లమెట్లు ప్రతి శ్రుతికీ కొత్తగా అమరుతాయి. ఏళ్ళ తరబడి చేసే సాధన అది. కీబోర్డుపై ట్రాన్స్‌పోజ్ మీట నొక్కితే ఒకే వేలికట్టుతో అన్ని శ్రుతులూ పలుకుతాయి. సాధన భారం తగ్గింది. ఒక్కొక్క శ్రుతికి ఒక్కొక్క చేతి అమరిక ఉన్నప్పుడు ఒక్కొక్క రాగానికి పుట్టే ప్రత్యేక సంగతులు కూడా తగ్గాయి. అనలాగ్, డిజిటల్ నాదభేదం కంటే ఈ మీట తెచ్చిన భేదమే పద్యనాటకానికి పెద్దదని చెప్పటం అతిశయోక్తి కాదు.

గమకం విషయంలో డిజిటల్ వాద్యం మాత్రం హార్మోనియం కంటే ఒక మెట్టు ముందుంది. స్వరాన్ని వంచే చక్రం దాని పక్కన ఉంటుంది. మిడి ఒప్పందంలో ఆ వంపుకు 16,384 మెట్లున్నాయి. మెట్లు చాలక గమకం పలకదన్న వాదం నిలవదు. ఎడమచేయి చక్రం మీద, కుడిచేయి మెట్ల మీద ఉంచి రాగం పలికించేవారు ఉన్నారు. అయితే ఆ చక్రం ఒకేసారి మోగుతున్న స్వరాలన్నింటినీ కలిపి వంచుతుంది. శ్రుతిని పట్టి ఉంచి ఒక్క స్వరాన్నే కదిలించటం ఒక వాద్యంతో కుదరదు. పాలకొల్లుకు చెందిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌ను కర్ణాటక సంగీతానికి లొంగదీశాడంటే, అక్కడ విద్యుత్తు ధ్వనిని పెంచింది గాని స్వరం తీగ మీదనే, వేలి కిందనే పుట్టింది.

శ్రుతిపెట్టె కథ క్లుప్తం. 1970ల చివరలో బెంగళూరులో జి.రాజ్ నారాయణ్ ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెను రూపొందించాడు. తొలినాటి పెట్టెలు వోల్టేజీ తగ్గినా వేడి పెరిగినా కదిలేవి. తరువాత నిజమైన తంబురా నమూనాలను దాచుకున్న డిజిటల్ పెట్టెలు వచ్చాయి. అవి కదలవు. నేడు సెల్‌ఫోనే శ్రుతిపెట్టె.

2016లో మూగ్ సంస్థ మినీమూగ్‌ను మళ్ళీ తయారుచేసింది. అంతకు ముందు నుంచే దానిని కంప్యూటరులో అనుకరించే సాఫ్ట్‌వేర్లు అమ్ముడవుతున్నాయి. అటువంటి అనుకరణలలో కంపకాలు నిలకడగా ఉండకుండా చూడటానికి ప్రత్యేకమైన గణన చేర్చటం మామూలైంది. ఒకనాడు ఇంజనీర్లు పోగొట్టాలని తంటాలుపడ్డ దోషం ఇప్పుడు వెలకట్టి అమ్మే గుణం.

పద్యనాటక వేదికపై కీబోర్డు వాద్యకారుడు తరచుగా ఎంచుకునేది హార్మోనియం నమూనానే. ఎక్కడో ఒక గదిలో ఒక హార్మోనియాన్ని కొద్ది సెకన్ల పాటు వాయించగా దాచిన ధ్వని అది. అందులో రీడు కదలిక ఉంది, బెల్లో ఊపిరి కూడా సన్నగా వినిపిస్తుంది. నటుడు రాగం తీస్తూ కొద్ది సెకన్లను దాటిపోయినప్పుడు ఆ నమూనా వెనక్కు తిరిగి మళ్ళీ మొదలవుతుంది. అదే రీడు, అదే ఊపిరి, అదే కదలిక ఒకే కొలతతో తిరిగి వస్తాయి. ముందు వరుసలో కూర్చున్న పాతకాలపు శ్రోత ఆ తిరుగుడును గుర్తుపడతాడు. వేదిక మీద నటుడి రాగం మాత్రం ఆ కొలతకు లోబడకుండా సాగుతూనే ఉంటుంది.